నాబోతు ద్రాక్షతోటయు మన ఊరి హద్దురాళ్లును

రాజుల గ్రంథములను చదువునప్పుడు బాలబాలికల మనస్సు తఱచుగా యుద్ధములమీదికిని రథములమీదికిని పరుగెత్తును. ఉపాధ్యాయులమైన మేమును సొలొమోను కట్టించిన మందిరము పొడవెంత, వెడల్పెంత అని పరీక్షలలో అడుగుదుము. ఏ రాజు తరువాత ఏ రాజు వచ్చెనో కంఠపాఠము చేయింతుము. ఇవి తెలిసికొనవలసినవే. కాని ఆ గ్రంథములను వ్రాసినవారు రాజులను కొలిచిన కొలబద్ద వేఱు. ఇతడెన్ని కోటలు కట్టెను, ఎన్ని దేశములు గెలిచెను అని వారు మొదట అడుగరు. ఇతడు దేవుని యెదుట ఎట్లు నడిచెను, తనకంటె బలహీనుడైన పొరుగువానియెడ ఎట్లు ప్రవర్తించెను అని యడుగుదురు. ఈ రెండవ ప్రశ్నకు భూమికంటె మంచి పరీక్ష లేదు. అందుచేత ముగ్గురు రాజులను, వారు కోరిన మూడు నేలలను ఈ వ్యాసమందు చదువరుల ముందు ఉంచుచున్నాను. మేడ్చల్, శామీర్‌పేటల నడుమ పుట్టి పెరిగినవాడను గనుక భూమి సంగతి నాకు గ్రంథములలో మాత్రమే చదివిన సంగతి కాదు.

మొదటి రాజు దావీదు. అతడు తన జనసంఖ్యను లెక్కింపించి గర్వపడినందున దేశమందు తెగులు పుట్టి డెబ్బదివేలమంది చనిపోయిరని రెండవ సమూయేలు గ్రంథము కడపటి అధ్యాయమందు చదువుచున్నాము. అప్పుడు గాదు అను ప్రవక్త వచ్చి, అరౌనా కళ్లములో బలిపీఠము కట్టుమని అతనికి చెప్పెను. ఈ అరౌనా ఇశ్రాయేలీయుడు కాడు, యెబూసీయుడు. యెరూషలేము దావీదుచేత పట్టబడకముందు ఆ పట్టణము యెబూసీయులదే. అనగా ఓడిపోయిన జాతివాడొకడు గెలిచిన రాజును తన కళ్లమునకు వచ్చుచుండగా చూచెను. అతడు నేలకు సాగిలపడి, కళ్లమును, ఎడ్లను, కట్టెలకొఱకు నూర్చు మ్రానులను, కాడిని సమస్తమును ఊరకే ఇచ్చెదననెను. ప్రేమచేత అనెనో భయముచేత అనెనో మనకు తెలియదు. బలవంతుడు గుమ్మమునొద్దకు వచ్చినప్పుడు బలహీనుడు పలుకు ఉదారవాక్యములలో ప్రేమపాలెంతయో, భయముపాలెంతయో కనుగొనుట కష్టము.

దావీదు ఆ దానమును పుచ్చుకొనలేదు. వెల యియ్యనిదానిని దేవునికి అర్పింపనని చెప్పి, ఏబది తులముల వెండి తూచి యిచ్చి, ఆ కళ్లమును ఎడ్లను కొనెను. తరువాత సొలొమోను మందిరము కట్టించినది ఆ స్థలముననే అని దినవృత్తాంతముల గ్రంథము చెప్పుచున్నది. ఇశ్రాయేలీయుల ఆరాధనకు కేంద్రమైన ఆ నేల, ఒక పరజాతివానియొద్ద సరియైన వెల యిచ్చి కొనబడిన నేల.

దావీదు ఎన్నడును దోషము చేయనివాడని నేను చెప్పుట లేదు. ఇదే రాజు పూర్వము ఊరియా భార్యను తీసికొని, ఊరియాను చంపింపవలెనని యోవాబునకు ఉత్తరము వ్రాసి, ఆ ఉత్తరమును ఊరియా చేతనే పంపెను. పొరుగువానిది తీసికొనుటయు తెలిసినవాడే, ఉత్తరముతో హత్య చేయుటయు తెలిసినవాడే. అట్టివాడు తరువాత కళ్లమునొద్ద నిలిచి, ఇచ్చినదానిని సహితము ఊరకే పుచ్చుకొననని చెప్పెను. మారుమనస్సు కన్నీళ్లయందు మాత్రమే కాక చేతియందును కనబడవలెనని దీనివలన నేర్చుకొనవచ్చును.

రెండవ రాజు ఒమ్రీ. ఇతడు క్రీస్తునకు పూర్వము తొమ్మిదవ శతాబ్దమందు ఇశ్రాయేలును పండ్రెండు సంవత్సరములు ఏలెను. షెమెరు అను నతనియొద్ద రెండు తలాంతుల వెండికి ఒక కొండను కొని, దానిమీద పట్టణము కట్టించి, అమ్మినవాని పేరును బట్టి దానికి షోమ్రోనని పేరు పెట్టెను. సమరయ అని మనము ఎఱుగుదుము. కొన్నవాడు తన పేరు పెట్టుకొనక, అమ్మినవాని పేరు నిలిపిన సంగతి మెచ్చదగినది. ఈ క్రయమందు దోషమేమియు కనబడదు.

లోకదృష్టికి ఒమ్రీ మహారాజు. 1868లో మోయాబు దేశమందలి దీబోనులో దొరికిన మేషా రాజు శిలాశాసనములో ఇతని పేరున్నది. 1846లో నిమ్రూదులో దొరికి ఇప్పుడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమందున్న నల్లని రాతిస్తంభముమీద అష్షూరువారు యెహూను ఒమ్రీ కుమారుడని వ్రాసికొనిరి. నిజమునకు యెహూ ఒమ్రీ వంశమును నిర్మూలము చేసినవాడు! అయినను పరదేశులకు ఆ రాజ్యమంతయు ఒమ్రీ యిల్లుగానే తెలిసియుండెను. ఇంతటివానికి రాజుల గ్రంథకర్త ఇచ్చినది ఆఱు వచనములు మాత్రమే. అందులోను తనకు ముందున్నవారందఱికంటె దుర్మార్గుడని తీర్పు. విగ్రహముల త్రోవను అతడు విడువలేదు. క్రయపత్రము సరిగానున్నంతమాత్రమున జీవితము సరియైనదని అనుకొనరాదు. తండ్రి కొన్న కొండ కుమారునికి దక్కెను. తండ్రి భక్తిలేనితనమును కుమారునికి దక్కెను.

ఆ కుమారుడే మూడవ రాజైన అహాబు. ఇతనిదియు చిన్న రాజ్యము కాదు. క్రీ.పూ. 853లో కర్కరునొద్ద అష్షూరు రాజు నెదిరించిన కూటమిలో అహాబునకు రెండువేల రథములుండెనని అష్షూరు శాసనము చెప్పుచున్నది. అతడు దంతపు ఇల్లు కట్టించెనని గ్రంథమందున్నది. సమరయ త్రవ్వకములందు చెక్కిన దంతపు పలకలు బయల్పడినవి. ఇంత కలిగినవానికి యెజ్రెయేలులోని నగరు ప్రక్కనున్న ఒక సామాన్యుని ద్రాక్షతోట కావలసివచ్చెను. దేనికొఱకు? కూరతోట వేసికొనుటకు!

అహాబు మొదట అడిగిన తీరులో తప్పు పట్టుటకు వీలు లేదు. దీనికంటె మంచి తోట యిచ్చెదను, లేదా వెల యిచ్చెదను అనెను. నేటి బేరగాండ్రలో పలువురికంటె మర్యాదగానే అడిగెను. నాబోతు ఈయననెను. కొందఱు దీనిని మొండితనమని తలంతురు. కాని లేవీయకాండము ఇరువదియైదవ అధ్యాయమును చదివినవారికి కారణము తెలియును. భూమి దేవునిది, మనుష్యులు అందులో పరవాసులు, కావున దానిని శాశ్వతముగా అమ్మరాదు, విధిలేక అమ్మినను ఏబదియవ సంవత్సరమున అది మరల ఆ యింటివారికే చేరవలెను. ఇది ధర్మశాస్త్రము. నాబోతు పలికినది అమ్మనను మాట కాదు, అమ్మరాదను మాట. తోట పిత్రార్జితము, తాతలనుండి వచ్చి మనుమలకు పోవలసినది, నడుమ తాను కావలివాడు.

రాజు ఇంటికి వచ్చి, మంచముమీద పరుండి, ముఖము త్రిప్పుకొని భోజనము మానెను. పదియవ ఆజ్ఞ మీఱబడిన స్థలము ఈ మంచమే. తరువాత జరిగినదంతయు ఈ మంచమునుండి పుట్టినది. యెజెబెలు రాజు పేరట ఉత్తరములు వ్రాసి, రాజముద్ర వేసి, ఆ ఊరి పెద్దలకు పంపెను. ఉపవాసదినము చాటింపుడు, నాబోతును జనులయెదుట కూర్చుండబెట్టుడు, ఇద్దఱు సాక్షులను నిలువబెట్టుడు, దేవుని రాజును దూషించెనని చెప్పింపుడు, పిమ్మట రాళ్లతో కొట్టి చంపుడు అని అందలి సారాంశము.

బాలురారా, ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింపుడు. ముద్ర అసలైన ముద్ర. ఉపవాసము మతాచారము. విచారణ బహిరంగముగా జరిగినది. ఒక్క సాక్షివలన ఎవనికిని మరణశిక్ష విధింపరాదు, ఇద్దఱుండవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది, ఇద్దఱుండిరి. ఏ కచేరిలో పెట్టినను కొట్టివేయుటకు వీలులేని దస్త్రము! కాగితములన్నియు సరిగానే ఉండెను. మనుష్యుడొక్కడు మాత్రము చచ్చియుండెను.

మఱియొక సంగతి. అహాబు తన చేతితో రాయి విసరలేదు. యెజెబెలు ఊరికి రానే లేదు. నాబోతును చంపినవారు అతని ఊరివారు. ఉత్తరము చదివిన పెద్దలు అతనితో కలిసి గవినియొద్ద కూర్చుండినవారు. బహుశః అతని తోటలోని పండ్లు తినినవారు. వారిలో ఒక్కడైనను ఇది అబద్ధము అని లేచి పలికెనని వ్రాయబడలేదు. రాజులు దుర్మార్గులగుట క్రొత్త కాదు. సామాన్యులు వ్రాలు చేయనియెడల రాజుల దుర్మార్గము సగము దారిలోనే ఆగిపోవును. రాజుల చరిత్రనుండి మనవంటివారు నేర్చుకొనవలసిన ముఖ్యపాఠము ఇదియే అని నా నమ్మకము. ఏలయనగా మనలో రాజులగువారు లేరు గాని, సాక్షులు కావలసినవారు అందఱమును.

ఇక మన దేశమునకు వత్తము. ద్రాక్షతోట మన ప్రాంతమువారికి వింత వస్తువు కాదు. హైదరాబాదు చుట్టుపట్ల అనాబ్-ఎ-షాహీ అను ద్రాక్షజాతి ప్రసిద్ధి చెందెను. మేడ్చల్, శామీర్‌పేట దిక్కున రాతికూసములమీద తీగెలు ప్రాకిన పందిళ్లు చాలకాలముండెను. నిజాము పాలనలో మేడ్చల్ అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోనిది. ఆ జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్, అనగా ప్రభువు సొంత ఖర్చులకొఱకు ఏర్పడిన భూమి. 1948లో ఆ రాజ్యము భారతదేశమందు కలిసెను, 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ప్రభుత్వపరమయ్యెను, జాగీరులును రద్దయ్యెను. రాజుల భూమియందు కాపురముండుట యనగా ఏమో మా తాతలు గ్రంథము చదువకయే ఎఱిగియుండిరి.

రాజులు పోయిరి గాని భూమిమీది ఆశ పోలేదు. నూట ఏబది యెనిమిది కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మేడ్చల్‌ను శామీర్‌పేటను తాకుచు పోవుచున్నది. శామీర్‌పేటలో జీనోమ్ వ్యాలీ వచ్చెను. న్యాయశాస్త్రము నేర్పు నల్సార్ విశ్వవిద్యాలయము వచ్చెను. 2016లో మేడ్చల్-మల్కాజ్‌గిరి పేరట క్రొత్త జిల్లాయే ఏర్పడెను. ఇవి మేలు చేసినవి కావని ఎవరనగలరు? మన విద్యార్థులు పలువురు ఆ కార్ఖానాలలో జీవనము చేయుచున్నారు. కాని గుంటలలెక్కను కొలిచిన పొలము గజములలెక్కను కొలువబడసాగెను. ద్రాక్షపందిళ్లలో చాలవరకు ఇండ్లస్థలములైనవి. భూమి లెక్కలకొఱకు ధరణి అను క్రొత్త ఏర్పాటు 2020 అక్టోబరు 29వ తేదీన శామీర్‌పేటకు చేరువనున్న మూడుచింతలపల్లిలోనే ఆరంభింపబడెను. 2025లో దాని స్థానమున భూభారతి వచ్చెను. ఏర్పాటులు మాఱవచ్చును. ఏ ఏర్పాటులోనైనను, ఇది నిజమని చెప్పు మనుష్యుడు నిజము చెప్పవలెను గదా.

ఈ సందర్భమున మా యింటి సంగతి యొకటి చెప్పుట అవసరము. శామీర్‌పేటకు కొంత దూరమున మాకు చిన్న పొలముండెను. దానిని ఆనుకొని ఒక వితంతువు పొలము కలదు. ఊరంతయు ఆమెను పెద్దవ్వ అని పిలుచుచుండిరి. రెండు పొలములకును నడుమ నీటికాలువయు, కాలువకు ఆవలి గట్టున హద్దురాయియు ఉండెను. 2006లో మా పొలమునకు మంచి వెల వచ్చెను. మా అక్క పెండ్లి నిశ్చయమైయుండెను గనుక మా నాయన అమ్మ నిశ్చయించెను. అది పాపమని ఎవరును అనరాదు. అరౌనా అమ్మెను, షెమెరు అమ్మెను. బేరము కుదిరిన పిమ్మట కొనవచ్చినవారి మనిషి మఱియొక కాగితము తెచ్చెను. పెద్దవ్వ బ్రదుకు దినములలో ఆమె భర్త కాలువనుండి వేపచెట్టువఱకు గల నేలను వదలుకొన్నట్లును, మా నాయన అది కన్నులార చూచినట్లును అందు వ్రాసియుండెను. పదునాలుగు గుంటలు.

“కాగితాలన్నీ సరిగానే ఉన్నవి పెద్దమనిషీ, నీ వ్రాలు ఒక్కటే తక్కువ” అని అతడు చెప్పెను. వ్రాలు చేయనియెడల మా పొలము బేరమును లేదని మెల్లగా తెలిపెను.

మా నాయన ఏడవ తరగతివఱకు మాత్రమే చదివినవాడు. అతడు కాగితమును రెండుసార్లు చదివి, మడిచి, తిరిగి యిచ్చి, “చూడనిదానికి నేను సాక్షిని కాను” అనెను. అంతకుమించి ఒక్క మాటయు పలుకలేదు.

బేరము తప్పిపోయెను. అక్క పెండ్లి రెండేండ్లు వెనుకబడెను. మా అమ్మ కొన్ని దినములు నాయనతో మాటలాడలేదు. ఆమె దుఃఖము అన్యాయమైనదని నేను అననేరను. ఆ కాగితముమీద మఱియెవరో వ్రాలు చేసిరి. పెద్దవ్వ కచేరికెక్కవలసివచ్చెను. నాయన పలుమాఱు కూలి చెడగొట్టుకొని పోయి, హద్దురాయి ఎక్కడనుండెనో చెప్పివచ్చెను. కడకు ఆమెకు దక్కినది సగము నేల. మంచిపని చేసినవానికి వెంటనే మేలు కలుగునని కథలలో చదువుదుము. నేను కన్నది అట్లు కాదు. కాని నాయన ఆ త్రోవను పోవునప్పుడు పెద్దవ్వ గుడిసెవైపు తలయెత్తి చూడగలిగెను. వ్రాలు చేసినవారు చుట్టుదారిని పోవుచుండిరి. ఇది ఊరంతయు ఎఱిగినదే.

అహాబు కథకు ముగింపు కలదు. తోటను స్వాధీనపఱచుకొన పోయిన రాజునకు ఆ తోటలోనే ఏలీయా ఎదురుపడెను. తీర్పు విని అహాబు వస్త్రములు చింపుకొని, గోనెపట్ట కట్టుకొని, ఉపవాసముండి, మెల్లగా నడిచెను. దేవుడు దానిని సహితము గమనించి శిక్షను అతని దినములనుండి తప్పించెను. ఎంత కనికరము! అయితే అహాబు తోటను నాబోతు కుటుంబమునకు తిరిగి యిచ్చెనని ఎక్కడను లేదు. సువార్తలో జక్కయ్య తాను అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు చెల్లించెదననెను. గోనెపట్ట కట్టుకొనుట అహాబునకు సాధ్యమయ్యెను. హద్దురాయిని తిరిగి పాతుట సాధ్యము కాలేదు.

అహాబుతో కథ నిలిచిపోలేదని చెప్పి ముగింతును. షూనేము ఊరి స్త్రీయొకతె కఱవుచేత ఏడు సంవత్సరములు ఫిలిష్తీయుల దేశమందుండి తిరిగివచ్చి, తన యింటికొఱకును పొలముకొఱకును రాజునకు మొఱపెట్టెనని రెండవ రాజుల గ్రంథము ఎనిమిదవ అధ్యాయమందున్నది. ఆ రాజు పేరు అక్కడ వ్రాయబడలేదు. కథాక్రమమును బట్టి అతడు అహాబు కుమారుడైన యెహోరామని పలువురు తలంతురు. అతడు ఒక అధికారిని నియమించి, ఆమె సొత్తంతయు మాత్రమే కాక, ఆమె పోయిన దినము మొదలుకొని పొలములో పండిన పంటయంతయు ఆమెకు ఇప్పించెను. తండ్రి ఒక పేదవాని నేలను చంపి తీసికొనగా, కుమారుడు ఒక స్త్రీ నేలను పంటతోకూడ తిరిగి ఇప్పించెను. ఒమ్రీ తన త్రోవను అహాబునకు అప్పగించినమాట నిజమే; కాని ఆ వంశమందును ఒక దినమున ఒక న్యాయమైన ఆజ్ఞ వెలువడెను. తండ్రుల తప్పులే మన తలవ్రాత అని ఎవరును నిరాశ చెందనక్కఱలేదు.

విద్యార్థులారా, మీలో కొందఱు రేపు వకీళ్లగుదురు. కొందఱు రెవిన్యూ కచేరిలో కూర్చుందురు. కొందఱు భూమి కొందురు, కొందఱు అమ్ముదురు. ఏదో యొక దినమున మీ ముందునకు ఒక కాగితము వచ్చును. అన్నియు సరిగానే ఉన్నవి, మీ వ్రాలొక్కటే తక్కువ అని ఎవరో చెప్పుదురు. ఆ దినమున రథములనుగాని దంతపు ఇంటినిగాని తలంపకుడు. యెజ్రెయేలు గవినియొద్ద మౌనముగా కూర్చుండిన పెద్దలను తలంపుడు. వెల తూచి యిచ్చిన దావీదును తలంపుడు. పశువులతొట్టిలో పరుండి, ఇతరుని సమాధిలో ఉంచబడి, ఈ లోకమందు జానెడు నేలయైనను తనదనిపించుకొనని రాజాధిరాజును తలంపుడు. ఆయన ముందు చెల్లునట్టి వ్రాలు మాత్రమే మన చేతినుండి వెలువడును గాక.